గోడ మీది తారు మరక

నీళ్ళ పొయ్యి నుంచి పొద్దున్నే లేచే పొగ ఎప్పుడూ తెల్లగా ఉంటుంది. ఆ రోజు నల్లగా లేచింది. వాకిలి ఊడుస్తున్న రేణుకకు తారు కమురు వాసన గొంతులో గుచ్చుకుంది. అమ్మ మళ్ళీ టైరు ముక్క వేసిందేమోనని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మంటలో సగం కాలిన చెక్క, దానికి వంగిన మేకులు. ఆ మేకులను ఆమె గుర్తుపట్టింది. నాలుగు రోజుల కిందట నాయిన ఆ చెక్కను ఊడదీస్తుంటే పట్టకారు అందించింది తనే.

అది వాళ్ళ పడవ వెనక చెక్క. పక్క చెక్కల కొసలన్నీ వచ్చి దానికే బిగుసుకుంటాయి. అది పుచ్చిపోయింది కాబట్టి కొత్తది వేయాలి. కొత్తది కోయాలంటే పాతదాన్ని పైన పెట్టి గీత గీయాల్సిందే. ఇరవై ఏళ్ళు నీళ్ళలో నాని పడవ ఒక పక్కకు ఒరిగింది. అందాజుగా కోస్తే సందు పడుతుంది, సందు పడితే నీళ్ళొస్తాయి.

ఎల్లుండి చెరువులో చేపల సంఘం వల దిగుతుంది. ఆలోపు పడవ బాగైతే నాయిన రాజయ్య చెరువు మీదే ఉంటాడు. కాకపోతే మాదాపూర్‌లో కొడుకు సురేష్ కాపలా కాసే అద్దాల భవనంలోనే వాచ్‌మన్‌గా చేరతాడు. తండ్రీ కొడుకులు అమ్మ ముందు చేసుకున్న ఒప్పందం అది.

"దీన్ని పొయ్యిల ఎవరు పెట్టిండ్రు?" అంది రేణుక.

తల్లి రాజమ్మ దసరాకు గోడలకు వేయడానికి సున్నం కలుపుతోంది. "మీ అన్న. డ్యూటీ నుంచి వచ్చి నీళ్ళు కాగబెట్టుకుండు. పోనీ తియ్యి, పీడ పోయింది. వంకర పోతదని మీ నాయిన దాన్ని గోడకు అతికినట్టు ఆనిచ్చి రాయి అడ్డం పెట్టిండు. ఎండకు తారు కరిగి గోడంత ఖరాబైంది. సుట్టాలొస్తే నా మొఖం మీద ఊంచుతరు."

సురేష్ తల తుడుచుకుంటూ వచ్చాడు. రేణుక అన్న ముందు ఎన్నడూ గొంతు పెంచలేదు. బడిలో సారు అడిగినా జవాబు బల్లకే చెప్పే పిల్ల. అనాలనుకున్నవన్నీ రాత్రి నోట్‌బుక్కులో రాసుకుంటుంది. ఆ రోజు మాత్రం రాత్రిదాకా ఆగేట్టు లేదు.

"ఇంటెనక తుమ్మ మొద్దులు కుప్పగున్నయి. కనవడలేదా అన్నా?"

"ఇది ఎండిందని పెట్టిన."

"అబద్ధం."

అప్పుడే చెరువు కట్ట నుంచి రాజయ్య వచ్చాడు. పొయ్యిలోకి చూసి, మేకు ఒకటి పుల్లతో బయటికి లాగి, అక్కడే కూలబడ్డాడు. "రాసిపెట్టింది గట్లున్నది. వడ్ల భీమేశ్వరరావుకు రావద్దని చెప్పిరా బిడ్డా."

ఆ మాటకు రేణుకకు ఒళ్ళు మండింది. "నేను పోను. ఒప్పందమంటే ఒప్పందం. గేటు కాడ నిలవడి మంది సంచులు తడుముతవ్ గదన్నా, మరి ఇంట్ల దొంగను ఎవరు తడమాలె?"

"జర తమీజ్‌తోని మాట్లాడు."

"పొల్లకు ఇయ్యాల నోరొచ్చిందే," అని గొణిగింది రాజమ్మ.

సురేష్ తువ్వాలను దండెం మీదికి విసిరాడు. "నీకేం ఎరుక? శ్రావణంల నా యూనిఫాం తడిసింది యాదున్నదా?"

"వానల తడిసినన్నవ్."

"ఆ రోజు వాన పడ్డదా?"

పడలేదు. అన్న తడి బూట్లను ఆరబెట్టింది రేణుకే. లోపల చెరువు నాచు ఉంది. అడిగితే అన్న కసిరాడు.

"నడి చెరువుల గా చెక్క నుంచి పక్కలు ఊడినయి. పడవ ఎనక నుంచి మునిగింది. నాయిన కాళ్ళకు వల చుట్టుకున్నది. నేను కట్ట మీద వస్తున్న గాబట్టి దుంకిన. ఇంట్ల చెప్పద్దని ఒట్టేయించుకుండు. తెల్లారి రేకు ముక్క కొట్టి మళ్ళ ఎక్కిండు."

రాజమ్మ చేతిలోంచి సున్నం కుంచె జారిపోయింది. రేణుక కోపం మాత్రం జారలేదు, తండ్రి వైపు తిరిగింది.

"మొన్న ఐతారం నన్ను ఎక్కించుకున్నది గదే పడవల గదా నాయినా?"

"దీన్ని ఎక్కించినవా?" సురేష్ తండ్రి ముందుకు వచ్చాడు.

రాజయ్య మేకును చేతిలో తిప్పాడు. "తప్పే బిడ్డా. చెక్క పుచ్చిందంటే చెరువు బంద్ అంటరని చెప్పలే. గేటు కాడ కుర్సీల కూసుంటే నన్ను రాజయ్య అని ఎవరు పిలుస్తరు? వాచ్‌మన్ అంటరు."

"రెండేండ్ల సంది నన్ను సెక్యూరిటీ అంటున్నరు నాయినా," అన్నాడు సురేష్. "పేరు ఒక్కలు గూడ అడగలే. నువ్వు పక్కనుంటే ఒక్కలన్న సురేషూ అని పిలుస్తరనుకున్న."

రాజయ్య తలెత్తి కొడుకును చూశాడు. సురేష్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు, భుజాలు కదిలాయి. రాజయ్య లేచి వెళ్ళి ఆ భుజం మీద చేయి వేశాడు. మేకు ఇంకా ఆ చేతిలోనే ఉంది.

"రాజయ్యగారూ, పాత చెక్క ఏదండీ?"

భీమేశ్వరరావు. కాకినాడలో పడవలు చేసి, ఇక్కడ కొత్త భవనాలకు తలుపులు చేస్తున్న వడ్రంగి. పొయ్యి చూసి ఉలి సంచీ దించకుండా నిలబడ్డాడు. "అచ్చు లేకుండా పాత పడవకి నేను కొయ్యనండి. మీ ప్రాణాలతో ఆటా?"

కళ్ళు తుడుచుకుని రాజమ్మ కుంచె అందుకుంది. ఏదో ఒక పని లేకపోతే ఆమెకు ఏడుపు ఆగేట్టు లేదు. గోడకు మొదటి పట్టు వేసింది. ఆమె చేయి తారు మరక దగ్గరికి రాగానే రేణుక అరిచింది.

"అమ్మా, ఆగు."

అందరూ గోడ చూశారు. పైన వెడల్పు, కింద సన్నం, ఎడమ పక్క ఒక వేలంత పల్లం. పడవ వెనక చెక్క నల్లగా, నాలుగు అంచులతో అక్కడే ఉంది.

భీమేశ్వరరావు అంచు మీద వేలు నడిపించాడు. "గోడకి ఏ వైపు ఆనించారండి?"

"తారు వైపు. లోపలి వైపు మనకు కనవడేది," అంది రేణుక, ఈసారి గొంతు తగ్గకుండానే.

"అయితే కాగితం తిరగేయక్కర్లేదండి. లోపలి వైపుకి ఇలాగే సరిపోద్ది."

పేపర్లు అతికించి గోడకు పరిచారు. పై కొస ఎవరు పట్టుకోవాలో ఎవరూ చెప్పకముందే సురేష్ పట్టుకున్నాడు. "ఒప్పందం నేనే తప్పిన. ఇగ పడవనే ఉండనీ. గని చెక్క మందంగుండాలె."

"ఇంకోటి," అంది రేణుక. "ఐతారానికోసారి కత్తి మొనతో నేను గుచ్చి చూస్త. మొన దిగితే పడవ దిగదు. ఇగ నుంచి నాకు చెప్పకుండ ఎవరూ మునుగుడు లేదు, ఎవరూ కాలబెట్టుడు లేదు."

"ఒట్టు," అన్నాడు రాజయ్య.

"నీ ఒట్లు వద్దు. కత్తి చాలు."

సాయంత్రానికి కొత్త చెక్క పడవకు అతికింది. రాజమ్మ గోడలకు సున్నం పూర్తి చేసింది. చూస్తే ఇల్లంతా తెల్లగా ఉంది, ఆ మరక మాత్రం అలాగే ఉంది. అంచుల చుట్టూ ముగ్గు తీర్చినంత జాగ్రత్తగా కుంచె తిప్పిందామె.

"సుట్టాలొస్తే?" అన్నాడు సురేష్.

"వస్తే రానీ. ఇరవై ఏండ్లకు కొత్త చెక్క గూడ పుచ్చుతది గదా," అంది రాజమ్మ, కుంచె కడుగుతూ.