కన్ను పెట్టిన చేయి

కాకినాడలో తలుపులకు గడియలు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఇంటి ఇల్లాలు "తియ్యి" అంటే తెరుచుకునేవి, "వెయ్యి" అంటే మూసుకునేవి. గోడలకు రంగులు వేయించే బాధ కూడా లేదు. ప్రతి గోడా ఒక తెరే. ఆ గోడతెర మీద కోరిన బొమ్మ నడిచేది, నవ్వేది, పిల్లలతో కబుర్లు చెప్పేది. సుఖానికేం తక్కువ లేదు. కానీ ముప్ఫయ్యో అంతస్తులో ఉండే తాయారు మాత్రం వారం రోజులుగా, తన గొంతు తనకే ఎక్కడ వినపడుతుందోనని చెవులు రిక్కించి బతుకుతోంది.

ఆ భయానికి కారణం గొంతుమారి.

"మబ్బుదీవి" అనే యానిమేషన్ సీరియల్‌లో గొంతుమారి ఒక రాక్షసి. అమ్మ గొంతుతో పిలిచి పిల్లల్ని ఎత్తుకుపోతుంది. సీరియల్ ఆగిపోయినా అభిమానులు ఆగలేదు. నెట్‌లో "గూడు" అని ఒక గుంపు కట్టి, ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని బొమ్మలు గీస్తూ కథ నడిపించారు. గూట్లో తాయారుది పేరుమోసిన చేయి. వాళ్లకొక ఆనవాయితీ ఉంది. బొమ్మ గీసినవాళ్లు కనుపాపలు పెట్టకూడదు. ఖాళీ కళ్లతో గూట్లో వదిలితే, ఇంకెవరో వచ్చి కన్ను పెట్టాలి. బొమ్మ నా ఒక్కరిదే అని ఎవరూ విర్రవీగకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. ఎప్పుడైనా ఆ కన్ను మూయాలంటే, పెట్టిన చేయే రెప్ప గీసి మూయాలి.

ఆ బొమ్మలకు ఊపిరి పోసే యంత్రం పేరు ప్రాణరేఖ. డాక్టర్ ఎలీషా కనిపెట్టాడు. స్పర్శకలంతో బొమ్మ గీస్తే, చేయి ఎంత నొక్కింది, ఎక్కడ వణికింది, ఎక్కడ మురిసింది, అన్నీ సెన్సర్లు పట్టుకుంటాయి. వేలమంది చేతుల్లోని ఆ మనసుల్ని ఒక న్యూరల్ నెట్‌వర్క్ కలిపి, ఒకే పాత్రగా పోతపోస్తుంది. ఆ నెట్‌వర్క్ సభ్యులందరి ఇళ్లలో ముక్కలుగా ఉంటుంది కాబట్టి, ఒక్క స్విచ్ నొక్కి ఆపడం ఎవరి తరమూ కాదు. అందరికంటే ముందు ప్రాణం గొంతుమారికే వచ్చింది. అందరూ మోజుపడి గీసింది దాన్నే మరి. మంచివాళ్ల బొమ్మలు గీస్తే ఎవరు చూస్తారు చెప్పండి!

కిందటి వారం గొంతుమారి ఎదురు టవర్లో ఒకరింటి గోడ మీదికొచ్చి, వాళ్ల పిల్లని వాళ్లమ్మ గొంతుతో బాల్కనీలోకి పిలిచింది. పిట్టగోడ ఎక్కిన పిల్లని పక్కింటాయన జుట్టు పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది. ఆ వార్త విన్నాక, గొంతుమారికి ఎవరు పెట్టిన కన్ను వాళ్లు మూసెయ్యాలని గూట్లో అందరూ ఒట్టేసుకున్నారు. తాయారు పెట్టిన కన్ను, కనుపాప పక్కన తేనెరంగు చుక్కతో, అన్నిట్లోకీ పేరుపడ్డది. కాకి పిల్ల కాకికి ముద్దు. రెప్ప గీయడానికి ఆమెకు మనసొప్పలేదు. అయినా గీసింది.

ఆ సాయంత్రం ఉప్మాకి రవ్వ వేయిస్తుంటే వంటింటి గోడ మీద ఎలీషా కనిపించాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తాయారుగారూ, అదింకా బతికే ఉందమ్మా."

"అదేంటండీ! అందరం మూసేశాం కదా?"

"గీతలు గీశారండి. ప్రాణరేఖ గీతని చూడదు, చేతిని చూస్తుంది. మనసు లేకుండా గీసిన రెప్పని అది రెప్ప కింద తీసుకోవట్లేదు. మిగతావాళ్లు ఏడ్చో మొత్తుకునో మళ్లీ మూశారు. ఒక్కటి మిగిలింది."

"ఎవరిదండీ ఆ పాపిష్టి చేయి?"

"తేనెరంగు చుక్క ఉన్న కన్నమ్మా," అన్నాడు.

అప్పుడే పక్కగదిలోంచి తాయారు గొంతు వినిపించింది.

"మువ్వా! బంగారం, ఇలా రామ్మా."

తాయారు గుండె గుభేలుమంది. ఆ గొంతే మళ్లీ "తలుపు తియ్యి" అంది. సముద్రపు గాలి ఒక్కసారిగా ఇంట్లోకి కొట్టింది.

పరుగెత్తింది. అయిదేళ్ల కూతురు మువ్వ బాల్కనీ గడప మీద ఉంది. పక్కగోడ నిండా గొంతుమారి. మిగిలింది ఒక్క చేయే కాబట్టి కాబోలు, దాని మొహం తాయారు పోలికలోనే తేలింది. ఒక కన్ను మూసి ఉంది, రెండోది తేనెరంగులో మెరుస్తోంది.

"తలుపు వెయ్యి!" అని అరిచింది తాయారు.

"తియ్యి," అంది గోడ, అదే గొంతుతో.

తలుపు సగం మూసుకుంటూ, మళ్లీ తెరుచుకుంటూ కొట్టుకుంది. తాయారు ఒక చేత్తో పిల్లని ఒడిసిపట్టి, రెండో చేత్తో బల్ల మీది కలం అందుకుని గోడ మీద రెప్ప గీసింది. రెప్ప వాలినట్టే వాలి పైకి లేచిపోయింది. మళ్లీ గీసింది, మళ్లీ లేచింది.

"ఎన్నాళ్లని పిల్లని పట్టుక్కూర్చుంటావే?" అని నవ్వింది గొంతుమారి. "నన్ను గీసినంతసేపు దాని మొహం ఎప్పుడైనా చూశావా?"

మువ్వ బిక్కచచ్చిపోయి తలెత్తింది. "అమ్మా, నువ్వేనా?" అని అడిగింది. తాయారుని కాదు, గోడని.

"నేనే తల్లీ," అంది గోడ.

తాయారు ఒంట్లో ఎక్కడ దాక్కుందో అంత కసి, కలంలోకి దిగింది. ఈసారి చేయి వణకలేదు. రెప్ప వాలింది, గోడ తెల్లబోయింది, తలుపు మూసుకుంది. వంటింట్లో రవ్వ మాడిన కంపు. ఎలీషా "పోయిందమ్మా, పీడ విరగడైంది" అని కేకలు పెడుతున్నాడు.

తాయారు పిల్లని వాటేసుకుని బావురుమంది. "ఇంకెప్పుడూ నా గొంతు విని రాకు నాన్నా. నేనొచ్చి నిన్ను ముట్టుకునేదాకా కదలకు. ఎంత పిలిచినా సరే!" అని మరీ మరీ చెప్పింది. మువ్వ తలూపి, గది మూలకి పోయి, చెవులు మూసుకుని కూర్చుంది.

కాస్త కుదుటపడ్డాక తాయారు గోడ మీద గూడు తెరిచింది. అందరూ క్షేమమేనా అని కనుక్కుందామనే. తీరా చూస్తే గూడు నిండా బొమ్మలు. "గొంతుమారికి కన్నీటి వీడ్కోలు" అంటూ ఒకరిని మించి ఒకరు గీసి పెడుతున్నారు. ఆనవాయితీ తప్పకుండా, అన్నీ ఖాళీ కళ్లతోనే. అందులో ఒకటి ఎంత బాగుందంటే, తాయారు ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది. ఎవరు గీశారో గానీ, అబ్బ, ఏం చేయి! దీనికి ఆ తేనెరంగు చుక్కొక్కటి పడితే...

ఉలిక్కిపడి కిందికి చూసుకుంది. కలం చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకుందో తెలియదు. వదిలేద్దామనుకుంది, వేళ్లు విడలేదు. చేయి మెల్లగా గోడ మీది ఆ ఖాళీ కంటివైపు లేస్తోంది. ప్రాణాలు పైపైనే పోయాయి.

"మువ్వా! ఇలా రామ్మా, ఈ కలం లాగెయ్యి. బంగారం, నేనే పిలుస్తున్నానే, అమ్మని!"

మూలన కూర్చున్న మువ్వ చెవులు ఇంకా గట్టిగా మూసుకుంది. కదల్లేదు.