సోమవారం యాపిల్, శనివారం అల్లం

"మీ అల్లం సోడా రహస్యం మాకెందుకండీ? భద్రంగా మీరే దాచుకోండి. మాకు కావాల్సింది మీ సంతకం," అంది ఆ అమ్మాయి, ఒక్క గుక్క తాగి వరసగా మూడు తుమ్ములు తుమ్మి.

అతనికి ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన మనిషికి మర్యాదగా సోడా ఇస్తే తుమ్ముతుందా! పైగా ఆ తుమ్ములు ముద్దుగా ఉన్నాయి. అదింకో తలనొప్పి.

ఆమెకు పక్క వీధిలో యాపిల్ రసం తీసే షెడ్డు ఉంది. చుట్టుపక్కల రసాలు, సిరప్‌లు, సోడాలు చేసేవాళ్ళు మొత్తం పదిమంది. విడివిడిగా వెళ్తే ఏ పెద్ద షాపువాడూ గుమ్మం ఎక్కనివ్వడం లేదు. పదిమందీ కలిసి క్లస్టర్‌గా ఏర్పడితే సీసాలు నింపే పెద్ద మెషీన్ ఉమ్మడిగా వస్తుంది, ఆర్డర్లూ వస్తాయి. ఆమె కాళ్ళరిగేలా తిరిగి తొమ్మిది సంతకాలు పట్టింది. పదోది ఇతగాడిది.

"మెషీన్ అందరిదీ అయితే మా నాయనమ్మ పాళ్ళు అందరికీ తెలిసిపోవూ?"

"ఇంట్లోనే కలుపుకుని డ్రమ్ముల్లో తెచ్చుకోండి. మెషీన్ సీసా నింపుతుందంతే, చాడీలు చెప్పదు."

"ఒరేయ్, ఆ పిల్ల చెప్పేది సబబుగానే ఉంది. పెట్టు సంతకం!" లోపల్నుంచి నాయనమ్మ కేకేసింది.

పెట్టాడు. నాయనమ్మ మాట మీద పెట్టాడా, ఆ తుమ్ముల కోసం పెట్టాడా అంటే, నన్నడక్కండి.

మెషీన్ వచ్చింది. ఆమె సెక్రటరీ అయింది. అవగానే గోడ మీద ఓ కాగితం అంటించింది. వాసన తక్కువున్నవి వారం మొదట్లో, ఘాటువి చివర్లో. సోమవారం యాపిల్, శనివారం అల్లం. ఆదివారం పైపులన్నీ విప్పి కడిగి, రబ్బరు రింగులు మార్చడం. అల్లం వాసన ఆ రింగులకు పట్టిందంటే ఓ పట్టాన వదలదట.

అన్యాయం కాదూ! ఆవిడ వారానికి ఆ చివర, ఇతను ఈ చివర. మూడు వారాలపాటు ఆమె చేతిరాత తప్ప ఆమె కనబడలేదు. మెషీన్ దగ్గరి రిజిస్టర్‌లో, 'మూతలు సరిగ్గా బిగుస్తున్నాయా సెక్రటరీగారూ?' అని రాసేవాడు. సోమవారం జవాబు పడేది: 'బిగుస్తున్నాయి అల్లంగారూ.' ఆ రెండు ముక్కల కోసం మళ్ళీ శనివారం దాకా కాచుక్కూర్చునేవాడు. పాపం!

నాలుగో సోమవారం పెద్ద షాపు నుంచి తొలి ఆర్డరు. ఎనిమిది వందల సీసాల యాపిల్ రసం. సాయంత్రం నాలుగింటికి లారీ. ఇది నచ్చితేనే మిగతా తొమ్మిదిమందికీ దారి దొరుకుతుంది.

ఆ పొద్దున ఆరింటికే మనవాడు ఒక డ్రమ్ము సోడాతో దిగాడు. నింపుకున్నాడు. వేడినీళ్ళతో మెషీన్‌ని మూడుసార్లు కడిగాడు. ఎనిమిదింటికి ఆమె వచ్చేసరికి తల దువ్వుకుని నిలబడ్డాడు.

"మీరేంటి ఇవాళ?"

"ఆర్డరు కదా, సాయానికి వచ్చాను."

బయట సన్నగా వాన. సీసాలు అందిస్తూ ఒకరినొకరు ఏడిపించుకున్నారు. అతనికి లోకమంతా బాగున్నట్టే అనిపించింది. యాభై సీసాలు నిండాక ఆమె ఒకటి రుచి చూసింది.

మూడు తుమ్ములు!

"పొద్దున మెషీన్ ఎవరు వాడారు?"

"నేనే. కానీ మూడుసార్లు కడిగానండీ..."

"రింగులు మార్చారా?"

"అయ్యో, రింగులు!" అన్నాడు.

"ఇది నా ఒక్కదాని సరుకు కాదు. పదిళ్ళ పేరు. ఇల్లిల్లూ తిరిగి నన్ను నమ్మండని చెప్పింది నేను! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వాళ్ళ ముందుకెళ్ళను?" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తనమీద తనకే అసహ్యమేసింది అతనికి. చొక్కా చేతులు మడిచి పైపులన్నీ విప్పాడు. పదిమందిలో ఒకరైన సిరప్ ఆంటీకి ఫోన్ చేసి కొత్త రింగుల డబ్బా తెప్పించాడు. నాయనమ్మని ఆటోలో రప్పించాడు. అల్లం వాసన ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

కడిగిన నీళ్ళు గ్లాసులో పట్టిచ్చారు. "ఉంది," అంది నాయనమ్మ. మళ్ళీ కడిగాడు. "ఇంకా ఉందిరా." మళ్ళీ కడిగాడు. ఈసారి కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చింది.

"లేదు. కానివ్వండి."

అదృష్టం బాగుండి ఆ అమ్మాయి రసం కాస్త ఎక్కువే తెచ్చింది, పాడైన యాభై సీసాలకూ సరిపోయింది. నాలుగింటికి లారీ హారన్ కొట్టేసరికి ఆఖరి సీసాకి మూత పడింది.

లారీ కదిలాక సిరప్ ఆంటీ నడుం మీద చేతులేసుకుంది. "ఇప్పుడు చెప్పవయ్యా. నీ రోజు కాని రోజు ఎందుకొచ్చావ్? సోడా మిగిలిపోయిందా?"

మిగిలిందంటే అయిపోయేది. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"మిగల్లేదండీ. కావాలనే ఎక్కువ కలిపాను. సోమవారం ఈవిడ వస్తారు కదా, చూడాలనిపించింది. ఈవిడంటే నాకు చాలా ఇష్టం. కానీ చేసింది తప్పే."

నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. అయినా గొంతు సవరించుకుని, "నియమం తప్పారు కాబట్టి నెల రోజులు ఈయన మెషీన్ ముట్టుకోవడానికి వీల్లేదు. సెక్రటరీగా ఇది నా తీర్పు," అంది.

"బాగుంది తల్లీ. అంతవరకూ ఇంటి దగ్గర చేత్తో నింపుకుంటాంలే. వీడు మంచివాడే, బుద్ధే కాస్త ఆలస్యంగా వస్తుంది. నువ్వుంటే త్వరగా వస్తుందేమో!" అని నాయనమ్మ ఆమె చెంప నిమిరి, సిరప్ ఆంటీ గొడుగులో దూరి వెళ్ళిపోయింది.

గుమ్మంలో ఇద్దరే మిగిలారు. వాన పెరిగింది.

"ఆ ముక్క నాతో ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏమనేవారు?"

"సోమవారాలు సోడా లేకుండా రమ్మనేదాన్ని."

"ఈ నెలంతా నాకిక్కడ సోడా పనే లేదు కదండీ!" అన్నాడు దిగులుగా.

"తెలుసు. అందుకే నెల వేశాను," అందామె.