పలికే గట్టు

పలాస శ్మశానం గేటుకి ఇవతల ఒక గట్టుంది. చీకటి పడ్డాక దాని మీద ఎవరూ కూర్చోరు. ఆటోవాళ్ళు కూడా అక్కడ హారన్ కొట్టరు... కొడితే ఏదో పలుకుతుందని భయం.

ఇప్పుడంటే ఆ శ్మశానానికి గోడ ఉంది, రేకుల షెడ్డు ఉంది, బోరింగు ఉంది. తాతలనాడు ఇవేవీ లేవు. జీడితోటల మధ్య ఇసక మెట్ట, అంతే. ఊరు పెరిగి పెరిగి దాన్ని చుట్టేసింది. కులానికో మూల పంచుకున్నారు. ఆ మూలలూ నిండిపోతే పాత ఎముకల మీదే కొత్త గుంటలు తవ్వారు. అన్నీ మారాయి గానీ ఆ గట్టు మారలేదు. పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. దింపుడు కళ్ళం.

కలరా వచ్చిన ఏడు, ఒకావిడని మొగుడు అక్కడ దించి పిలిస్తే — పలికిందట!

మోసినవాళ్ళు పాడె వదిలేసి పరుగో పరుగు. అప్పటినించీ ఊళ్ళో ఒకటే మాట. ఆ గట్టు మీద పలికేది మనవాళ్ళు కాదు. మనవాళ్ళ గొంతుతో అది పలుకుతుంది. బదులిచ్చావో, నీ వెనకే ఇంటికొచ్చేస్తుంది.

కామేశ్ ఆ మాట వింటూనే పెరిగాడు.

అతని తల్లి నూకమ్మది డొంకూరు. మొగుణ్ణి సముద్రం తీసుకుపోతే, చంటిపిల్లాడితో పలాస వచ్చి, జీడిపిక్కలు ఒలిచి సాకింది. చివరికి కిడ్నీల జబ్బుతో మంచాన పడింది. ఆ రోజు మధ్యాహ్నం మాట పడిపోయింది. ఒళ్ళు చల్లబడింది. ముక్కు దగ్గర దూది పెట్టి చూశారు — కదల్లేదు. తెల్లారితే అమావాస్య, శవం ఇంట్లో ఉండకూడదన్నారు. గబగబా స్నానం చేయించి, కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టి, రాత్రికి లేవదీశారు.

గట్టు మీద పాడె దించారు.

"కానీరా," అన్నాడు రామూర్తి మావ. నూకమ్మకి తమ్ముడు. "మెల్లగా పిలువు. గట్టిగా అరవకు."

"బతికున్నప్పుడే పిలిత్తే పలికేది కాదు ఈ ముసల్ది," పాడె మోసిన గున్నయ్య గొణిగాడు. "ఇప్పుడేటి పలుకుతాది?"

ఎవరో కిసుక్కుమన్నారు.

కామేశ్ వంగాడు. "అమా..."

ఏమీ లేదు.

"అమా..."

గుడ్డ కింద ఏదో గురగురమంది. తరవాత... చాలా నీరసంగా...

"ఊఁ... నాయినా..."

గున్నయ్య చేతిలో సెల్లు కింద పడింది. లైటు ఆరిపోయింది.

"మావా... అమ్మే మావా..."

"పలక్కు! అది మీ యమ్మ కాదురొరే!"

"అమ్మ గొంతే..."

"గొంతు అమ్మదేరా. పలికినాది అది! ఇంట్లో ఇద్దరు పసిగుంటలున్నారు నీకు. నువ్వు పలికితే ఆల మీదకొచ్చేత్తాది!"

"నాయినా... నీళ్ళు..."

కామేశ్ నోరు తెరిచాడు. మావ అరచెయ్యి ఆ నోటి మీద పడింది. నలుగురూ పట్టి ఈడ్చుకుపోయారు. వెనకనించి పిలుపు వస్తూనే ఉంది... సందు తిరిగేదాకా వస్తూనే ఉంది.

ఇంటికొచ్చి గడియ పెట్టాడు. మిగిలిన దూది తీసి పిల్లల చెవుల్లో పెట్టాడు. తన చెవుల్లోనూ పెట్టుకున్నాడు.

తెల్లవారగానే వెళ్ళారు.

పాడె గట్టు మీదే ఉంది. నూకమ్మ లేదు.

ఊరి వైపు దారిలో, బోర్లా పడి ఉంది. మోచేతులు దోక్కుపోయాయి. వెనకాల ఇసకలో పాకిన చార...

"సూసారా!" గున్నయ్య గుసగుసలాడాడు. "ఇంటికొచ్చేద్దారనే బయల్దేరింది. దెయ్యం కాపోతే ఏటి?"

కామేశ్ తల్లి కాళ్ళ వైపు చూశాడు. బొటనవేళ్ళ దారం ఇంకా అలాగే ఉంది. ముడి సగం విప్పి ఉంది. ఆ ముడిలో — విరిగిన గోరు ముక్క.

దెయ్యానికి ముడి విప్పుకోవాల్సిన పనేమిటి?

అడగబోయాడు. అందరూ అతని మొహమే చూస్తున్నారు. అడగలేదు.

"మూడో పిలుపు ఉండిపోనాదిరా," మావ తల దించుకుని అన్నాడు. "అది పిలిత్తే గానీ గుంటలో పెట్టకూడదు."

కామేశ్ మోకాళ్ళ మీద కూర్చుని తల్లి వీపు మీద చెయ్యి వేశాడు.

వెచ్చగా ఉంది.

చెయ్యి గబుక్కున తీసేశాడు. ఇప్పుడు గాని పలికిందంటే... రాత్రంతా నీళ్ళ కోసం పిలిచింది ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. చెవి దగ్గరకి వంగాడు. పెదాలు కదిపాడు. గొంతు మాత్రం బయటికి రానివ్వలేదు.

"పలకలేదు," అన్నాడు లేచి నిలబడి.

"హమ్మయ్య," అన్నాడు గున్నయ్య.

గుంటలోకి దించాక కొడుకు పిడికెడు మట్టి వేస్తే చాలు. మిగతాది కాటికాపరి చూసుకుంటాడు. కామేశ్ మాత్రం అతని చేతిలోంచి పార లాక్కుని... గబగబా... మొహం మీదే మొదలుపెట్టాడట.