చివరి షెడ్డులో నీలం కారు

రేసు ట్రాక్ వెనకాల వరసగా షెడ్లుంటాయి. వాటిలో చివరిదానికి మంచి పేరు లేదు. పగలంతా జనం ఎగబడి ఫోటోలు తీసుకునే చోటే. పొద్దు వాలిందంటే మాత్రం కాపలావాడు కూడా దాని ముందు షెడ్డు దాకా వచ్చి, అక్కణ్నుంచే టార్చి వేసి, అంతా బాగానే ఉందనుకుని వెనక్కి తిరుగుతాడు.

కారణం… అందులో ఉన్న నీలం కారు.

ఎప్పటిదో పాత రేసు కారు. పైన కప్పుండదు, ఒక్కడే కూర్చునే సీటు, పొడుగాటి మూతి. దాన్ని నడిపే డ్రైవరు పందెం మధ్యలో మలుపు దగ్గర పోయాడట. కారు బాగుపడింది, మనిషి బాగుపడలేదు. పందెం మొదలయ్యే ముందు ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, సీట్లో వెనక్కి వాలి, జనాన్ని చూసి నవ్వేవాడట. ఇప్పటికీ రాత్రిళ్లు వచ్చి అలాగే కూర్చుంటాడని… చెప్పుకుంటారు.

చెప్పుకుంటారు అన్నాను, గమనించండి. నేను దేన్నీ ఒక పట్టాన నమ్మే రకం కాదు. పాలవాడు పాలు చిక్కగా పోసినా, ఈరోజు ఎందుకింత ప్రేమ అని ఆలోచిస్తాను. కానీ ఈ సంగతి నాకు చెప్పింది మా బావ. అబద్ధమాడితే చెవులు ఎర్రబడిపోయే మనిషి. ఆ రోజు ఆయన చెవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

బావ ఫోటోగ్రాఫర్. ఏటా చలికాలంలో ఆ ట్రాక్ మీద పాత రేసు కార్ల పండగ జరుగుతుంది. ఆ కార్లంటే ఆయనకి ప్రాణం. అలాంటిది రెండేళ్లుగా అటు తొంగి కూడా చూడలేదు. స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నాడు. "గడ్డం కొంచెం పైకి" అని గోడకి చెప్పినట్టు చెబుతున్నాడు.

ఆ ఉదయం పండగవాళ్లు ఆఖరిసారి ఫోన్ చేశారు. వాళ్లు వేసే పుస్తకం అట్ట మీదికి నీలం కారు ఫోటో కావాలి. ఈసారీ కుదరదంటే ఇంకొకరిని పెట్టుకుంటారు, ఇక పిలవరు. బావ "ఆలోచించి చెబుతా" అని ఫోను పెట్టేసి నా ఎదురుగా కూలబడ్డాడు.

"ఆ రాత్రి షెడ్డులో ఏం జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు కదూ, మరదలా?" అన్నాడు.

నేను ఊలు అల్లుకుంటూ విన్నాను. టోపీ గుండ్రంగా అల్లడం నాకు ఇప్పటికీ రాదు. సంచిలా అల్లి పైన కుట్టేస్తాను. అటొక మూల, ఇటొక మూల నిక్కుతాయి. మా ఇంట్లో అక్క ఒక్కతే మొహమాటానికి వాటిని పెట్టుకునేది.

బావ చెప్పింది ఇదీ.

ఆ రాత్రి జనమంతా వెళ్లాక తాళం తీసుకుని షెడ్డులోకి వెళ్లాడు. ఆముదం నూనె కాలిన వాసన… పాత రేసు ఇంజన్లలో అదే పోసేవారట. రేకుల మీద చలి. మధ్యలో నీలం కారు.

బావకి మనుషులతో మాట్లాడటం చేతకాదు గాని, కార్లతో బ్రహ్మాండంగా మాట్లాడతాడు. "ఎలా ఉన్నావు బంగారం?" అని పలకరించి, దాని మూతి నిమిరి, కెమెరా స్టాండు తేవడానికి బయటికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి… ఏదో తేడా.

ఏమిటో తెలియలేదు. షెడ్డు ఖాళీ. కారు అక్కడే ఉంది. కానీ ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టు అనిపించింది. దొంగేమో అనుకున్నాడు. "ఎవరూ?" అన్నాడు. పలకలేదు.

అయినా పనిలో దిగాడు. ఆ పని అలాంటిది మరి. లైట్లన్నీ ఆర్పేయాలి. చిమ్మచీకట్లో కెమెరా కన్ను తెరిచిపెట్టి, టార్చితో కారు చుట్టూ తిరుగుతూ, రేకు మీద వెలుగు కొంచెం కొంచెంగా పులమాలి. కదిలే మనిషి ఫోటోలో పడడు. కదలకుండా ఉన్నదే నిలుస్తుంది. కాసేపు ఉండి పోయింది… పొగలా మిగులుతుంది.

బావ లైటు ఆర్పాడు. కెమెరా కన్ను తెరిచాడు. "కదలకు బంగారం… ఇంకొంచెం… అలాగే…" అని గొణుగుతూ కారు చుట్టూ తిరిగాడు. వెనక చక్రం దగ్గర ఉండగా తోలు కిర్రుమంది. సీటు తోలు.

చప్పున కెమెరా దగ్గరికి వచ్చి తెర మీద చూశాడు.

కారు అద్భుతంగా వచ్చింది. సీట్లో… తల.

ముఖం చెదిరిపోయింది. ఆ తలలోంచి వెనక గోడ కనిపిస్తోంది. నుదుటి పైన మాత్రం రెండు బుడిపెలు, అటొకటి ఇటొకటి. పైకి నెట్టుకున్న కళ్లద్దాలు!

"టార్చి అటు వేసి చూడలేకపోయానమ్మా," అన్నాడు బావ. "కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి. మీ అక్క ఆ ఫోటో తీసిపారెయ్యమని ఒకటే పోరు. సరేనన్నాను గానీ చేతులు రాలేదు."

బీరువా మీద నుంచి డబ్బా దించి ఆ ఫోటో చూపించాడు.

చూశాను. మళ్లీ చూశాను. తర్వాత నా ఒళ్లో ఉన్న టోపీని చూశాను. ఒక మూల నిక్కి ఉంది. రెండో మూల కూడా…

బొద్దింకని చేత్తో పట్టి బయట పారేసే మా అక్క, ఒక ఫోటోకి భయపడి తీసిపారెయ్యమందా? నాకు అక్కడే అనుమానం రావలసింది.

సరాసరి వంటింట్లోకి వెళ్లాను. "అక్కా, ఆ సీట్లో ఉన్నది నువ్వే కదూ?"

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"మెల్లగా మాట్లాడవే," అని గుసగుసలాడింది. "నిద్దట్లో బంగారం, బంగారం అని కలవరించేవారు. రాత్రి పనులంటూ వెళ్లేవారు. ఏదో నూనె వాసనతో వచ్చేవారు. నువ్వయితే ఏమనుకునేదానివి? చలికి నీ టోపీ తగిలించుకుని వెనకాలే వెళ్లాను. తలుపు సందులోంచి అదే మాట! ఆయన బయటికెళ్లగానే వెనక తలుపులోంచి దూరాను. ఎవరూ లేరు. ఇంతలో అడుగుల చప్పుడు. దాక్కోవడానికి ఆ కారు తప్ప ఏముంది? లోపల నక్కి, కదలకు బంగారం అంటుంటే ఎవత్తో చూద్దామని తలెత్తాను."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మిమ్మల్ని అనుమానించి వెంటపడ్డానని ఏ మొహం పెట్టుకుని చెప్పనే? చెబితే నన్ను జన్మలో నమ్మరు. చెప్పకపోతే… మనిషి ఇలా అయిపోతున్నారు." కళ్లు తుడుచుకుంది.

కాసేపటికి కొంగు బిగించుకుని వెళ్లి చెప్పేసింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"నన్నా? అనుమానించావా?" అన్నాడు బావ. నొచ్చుకున్నాడు, ముఖంలో తెలిసిపోతోంది.

"ఇనప ముక్కని బంగారం అంటారు. నన్నొక్కనాడైనా అన్నారా?" అంది అక్క, ఏడుపూ కోపమూ కలిపి.

బావ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నవ్వుతూనే పండగవాళ్లకి ఫోన్ చేసి వస్తున్నానన్నాడు. పొద్దు వాలగానే కెమెరా సంచీ భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ బయల్దేరాడు. ఆ ఈల విని ఎన్నాళ్లయిందో.

రాత్రి భోజనాలయ్యాక అక్క నా పక్కన కూర్చుంది. ఆ రాత్రి పెట్టుకున్న పాత టోపీ వెతికి తెచ్చింది. చేతుల్లో నలుపుతోంది.

"ఏమిటే ఆ మొహం? అంతా తేలిపోయిందిగా," అన్నాను.

"ఒక్కటి చెప్పలేదు," అంది. "చెబితే ఆయన వెళ్లరు."

"ఏమిటది?"

"ఆ రాత్రి అంత చలి కదా… రేకులు ముట్టుకుంటే జివ్వుమంటున్నాయి. నేను దిగి కూర్చునేసరికి ఆ సీటు… వెచ్చగా ఉందే. అప్పుడే ఎవరో లేచినట్టు."

నేను ఫోను అందుకున్నాను. ఇద్దరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను. చాలాసేపు మోగింది.

"మరదలా!" బావ గొంతు తగ్గించి, నవ్వు ఆపుకుంటూ మాట్లాడుతున్నాడు. "నేను చూసేశానని మీ అక్కకి తెలియనివ్వకు. మళ్లీ వచ్చి సీట్లో కూర్చుంది! పోనీలే అని నేనూ ఊరుకున్నా. ఫోటో అదిరిపోతుంది. ఈసారి నీ టోపీ కాదు… ఎక్కణ్నుంచి తెచ్చిందో, నిజం కళ్లద్దాలే పెట్టుకొచ్చింది."

అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బావా…" అన్నాను.

ఆయన అప్పటికే ఫోను పక్కన పెట్టేశాడు. దూరంగా ఆయన గొంతు, మెల్లగా, ముద్దుగా వినిపిస్తోంది.

"నవ్వింది చాల్లే బంగారం… ఇక కదలకు."