ఐసు ఫ్యాక్టరీ అమ్మవారు

"అమ్మవారిని తాకట్టు పెట్టుకోవడం మా బ్యాంకుకి చేతకాదండీ," అంది వసుంధర.

అంకమ్మరావు తెరిచిన నోరు మూయడం మర్చిపోయాడు.

అసలు అతగాడికి పొద్దున్నుంచీ షాకులే. కోడూరులో తండ్రి పెట్టిన ఐసు ఫ్యాక్టరీ అతనిది. పాత కంప్రెసర్ దగ్గుతూ మూలుగుతూ నడుస్తోంది. సముద్రంలో చేపల వేట మీద నిషేధం ఎత్తేసేలోగా కొత్తది రాకపోతే పడవలవాళ్ళు ఐసు కోసం బందరు దారి పడతారు, ఫ్యాక్టరీకి తాళమే. అందుకని ఫ్యాక్టరీనే హామీ పెట్టి అప్పడిగాడు. స్థలం చూడ్డానికి అవనిగడ్డ బ్రాంచి నుంచి ఎవరో బట్టతల పెద్దాయన వస్తాడనుకుని కొబ్బరిబోండాలు కొట్టించి కూర్చున్నాడు. తీరా చూస్తే స్కూటీ దిగింది ఈ వసుంధర, గుడివాడ అమ్మాయి. బోండాం వద్దని, టేపు తీసి గోడలు కొలవడం మొదలుపెట్టింది.

"గోడ బయట, ఆ వేపచెట్టు దాకా స్థలం మీదే కదండీ?"

"మాదేనండీ. దస్తావేజులో ఉంది."

"ఆ చెట్టు కింద అమ్మవారుంది. జనం కొబ్బరికాయలు కొడుతున్నారు. రేపు మీరు అప్పు తీర్చలేదనుకోండి, మేం వేలం వెయ్యాలి. అమ్మవారున్న స్థలాన్ని ఎవరు పాడతారు? ఊరంతా కర్రలు పట్టుకొస్తే మా మేనేజరు గారు అవనిగడ్డ దాకా పరిగెత్తాలి. ఆయనకసలే మోకాళ్ళ నొప్పులు."

అంకమ్మరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఎవరికీ చెప్పకండి. అది అమ్మవారు కాదు. నేను పెట్టిన రాయి."

"ఏంటీ?"

"బస్సు దిగిన ప్రతివాడూ నా గోడవైపే తిరిగి నిలబడేవాడండీ. వద్దని బోర్డు పెట్టాను. బోర్డు మీదే పోశారు! ఒళ్ళు మండి, కాలవగట్టు మీంచి ఓ రాయి తెచ్చి పసుపు రాసి బొట్టు పెట్టాను. దెబ్బకి గోడ శుభ్రం. ఏడాది తిరిగేసరికి నైవేద్యాలు మొదలయ్యాయి."

వసుంధర కళ్ళు ఇంతయ్యాయి. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక, టేపు వదిలేసి, గోడ పట్టుకుని మరీ నవ్వింది. అప్పు సంగతి ఎలా ఉన్నా అంకమ్మరావు పని అయిపోయింది. ఆ నవ్వు ఇంకోసారి వినకుండా బతకడం కష్టమని అతనికి అక్కడే తెలిసిపోయింది.

చెట్టు కింద చేపలమ్ముకునే సుబ్బరత్నమ్మ కేకేసింది. "ఏవమ్మాయ్, పెళ్ళి కాలేదా? ఈ కొమ్మకో పసుపుదారం కట్టుకో. మనసులో ఉన్నోడే మొగుడవుతాడు. మా తల్లి ఎన్ని పెళ్ళిళ్ళు చేసిందో తెలుసా!"

"ఇది నాక్కూడా తెలీదండీ," అన్నాడు అంకమ్మరావు బిత్తరపోయి.

"రాయి తీసేయగలరా మరి?"

అతను కొమ్మనిండా వేలాడుతున్న పసుపుదారాల్ని చూశాడు. "తీస్తే ఊళ్ళోవాళ్ళు నన్ను తీసేస్తారండీ."

దారి కూడా వసుంధరే చెప్పింది. చెట్టున్న ముక్క పంచాయితీకి రాసిచ్చేసి, మిగతాది హామీ పెట్టమంది. "విలువ కాస్త తగ్గుతుంది. తలనొప్పి మొత్తం పోతుంది," అంది.

అంకమ్మరావు ఆగమేఘాల మీద రిజిస్ట్రేషన్ చేయించాడు. ఆ వంకన వసుంధర మళ్ళీ వచ్చి హద్దులు కొలిచింది. ఇంకోసారొచ్చి కొలిచిందే కొలిచింది. ఇప్పుడు బోండాం వద్దనడం మానేసింది. "మీ అమ్మవారు కులాసానా?" అని అడిగేది. "మీరే వచ్చి చూసుకోండి," అనేవాడు అతను.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా బ్యాంకు నుంచి ఫోనొచ్చింది.

"మీ ఫైలు వసుంధర గారు చూడనన్నారండీ. మేనేజరు గారికి వెనక్కిచ్చేశారు."

అంకమ్మరావు ఫోను పెట్టేశాడు. ఎందుకిచ్చేసింది? తనేం తప్పు చేశాడు? కంప్రెసర్ రాదేమోనన్న దిగులు ఉంది. కానీ ఆ స్కూటీ ఇక రాదేమోనన్న దిగులే ఎక్కువగా ఉంది, అబద్ధమెందుకు.

తిన్నగా వేపచెట్టు కిందకెళ్ళి రాయి ముందు నిలబడ్డాడు.

"తల్లీ, నిన్ను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టింది నేను. ఊరందరికీ పెళ్ళిళ్ళు చేసి నాకు పంగనామాలు పెడతావా?"

తలెత్తేసరికి కొమ్మమీద, పసుపుదారాల మధ్య, ఆకుపచ్చగా ఏదో కనిపించింది. కొసలకి రేకుముక్కలున్న ఫైలు ట్యాగు!

"నిన్న సాయంత్రం ఆ బ్యాంకు పిల్లొచ్చి కట్టిందిరా," అంది సుబ్బరత్నమ్మ. "పసుపుదారం ఇస్తానంటే వద్దంది. నా దగ్గరున్నదే కడతానంది."

అంకమ్మరావు బండి అవనిగడ్డలో, బ్యాంకు మెట్ల ముందు ఆగింది. వసుంధర అప్పుడే బయటికొస్తోంది.

"అది ఉత్త రాయని మీకు చెప్పాను కదండీ!"

"చెప్పారు."

"మరి ట్యాగెందుకు కట్టారు?"

"అమ్మవారు చూడాలని కాదు, మీరు చూడాలని," అంది, స్కూటీ తాళాలకేసి చూస్తూ.

అంకమ్మరావు ఒక మెట్టెక్కాడు. "మరి నా ఫైలు?"

"రిస్కు చూసేవాళ్ళకి మనిషి మీద ఇష్టం ఉండకూడదండీ. లోపాలు కనపడవు. అందుకే మేనేజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పి ఇచ్చేశాను."

"ఉన్నదున్నట్టు అంటే..."

కిటికీలోంచి మేనేజరు గారి గొంతు వినిపించింది. "ఏవయ్యా అంకమ్మరావూ, రేపు నేనే వస్తున్నా. ముక్క విడగొట్టావుగా, అప్పుకి ఢోకా లేదు. బోండాలు కొట్టించు!"

అంకమ్మరావు సిగ్గుతో చచ్చాడు. అయినా అడక్కుండా ఉండలేకపోయాడు. "మరి మీ నాన్నగారు..."

"ఇంకా చెప్పలేదు. వచ్చి మీరే అడగండి. ఆ రిస్కు మీది," అని నవ్వి, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అంకమ్మరావు సుబ్బరత్నమ్మని పసుపుదారం అడిగి తీసుకున్నాడు. ఆకుపచ్చ ట్యాగు పక్కనే కట్టి, తను కాలవగట్టు మీంచి తెచ్చిన రాయికి మొదటిసారి దండం పెట్టుకున్నాడు.