వీర్రాజుకు ఒకే ఒక్క శ్రోత

ఉదయం నుంచి పదకొండు వందల సందేశాలు, నగరంలో పుకార్లను ఆపే యంత్రమైన జల్లెడలోంచి సాఫీగా జారిపోయాయి. ఆ తర్వాత ఒకటి ఆగి, సుభాషిణి బల్ల మీద ఎర్రదీపం వెలిగింది. రోజూ వచ్చే వీర్రాజు బులెటినే అయ్యుంటుందని ఆమె హుషారుగా ఇయర్‌ఫోన్ సర్దుకుంది.

"నమస్కారమండి! సాగరస్తంభం నలభై ఒకటో అంతస్తు నుంచి వార్తలండి. మా లిఫ్టు ఇవాళ కూడా విశ్రాంతి తీసుకుంటోందండి. బాగుచెయ్యడానికొచ్చిన ఇంజినీరు గారు మెట్లెక్కలేక ఇరవయ్యో అంతస్తులోనే అద్దెకు దిగిపోయారండి."

సుభాషిణి పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వాక మౌనముద్ర వేయాలి. ముద్ర పడితే వీర్రాజుకు 'అందరికీ చేరింది' అని కనిపిస్తుంది, కానీ ఎవరికీ చేరదు. పదకొండు నెలలుగా ఇదే వరస.

ఆమెకు జల్లెడంటే నమ్మకమే. సముద్రం పోటెత్తిన ఏడు, అడ్డుగోడ కూలిందన్న అబద్ధాన్ని అది క్షణాల్లో ఆపింది. ఆపకపోతే మెట్ల మీద జరిగే తొక్కిసలాటలో సుభాషిణి వాళ్ళమ్మ కూడా నలిగిపోయేది. కానీ లిఫ్టు మీద జోకునూ అలాగే ఆపడం మాత్రం ఆమెకు మింగుడుపడటం లేదు.

బులెటిన్ ఇంకా అయిపోలేదు. "ఇదే ఆఖరిదండి. ఇన్నాళ్ళలో ఒక్కరూ నవ్వినట్టు లేదు. నాకు నవ్వించడం రాదని తెలిసొచ్చిందండి. ఉంటానండి."

ఆమె మనసు చివుక్కుమంది. లేచి పై అధికారి ఆదినారాయణ దగ్గరికి వెళ్ళింది.

"సార్, వీర్రాజు గారు మానేస్తారంటండి."

"మంచిదేగా అమ్మాయ్, ఓ ఫైలు తగ్గింది."

"తన జోకులు బాలేవనుకుంటున్నారండి, పాపం."

"పుకార్లు పాకితే ప్రాణాలు పోతాయమ్మా. అందుకే కదా ఈ జల్లెడ!"

"లిఫ్టు పాడైంది నిజమే కదండీ?"

ఆదినారాయణ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆపామని అవతలి మనిషికి తెలిస్తే నీ ఉద్యోగం ఊడుద్ది. గుర్తుందిగా?"

సుభాషిణి సీట్లోకొచ్చి టైపు చేసింది. 'వీర్రాజు గారూ, మీ బులెటిన్లు ఎవరికీ చేరలేదు. ఆపింది నేనే. మూడు వందల పైచిలుకు విన్నాను, అన్నిటికీ నవ్వాను. సుభాషిణి, జల్లెడ విభాగం.'

ఆ జాబు కూడా జల్లెడలో పడి, ఎర్రదీపంతో ఆమె బల్ల మీదికే తిరిగొచ్చింది. మౌనముద్రా, విడుదలా? తేల్చాల్సింది ఆమే. భయం వేసింది. అయినా విడుదల నొక్కింది.

నిమిషంలో జవాబు వచ్చింది. 'అన్నిటికీనా అండీ? పోయిన మంగళవారంది కూడానా? అది నాకే నచ్చలేదండి!' కాసేపటికి ఇంకోటి. 'నాలాంటోళ్ళు ఇంకెంతమంది ఉన్నారండీ?'

సుభాషిణి మౌనముద్ర పడినవాళ్ళ జాబితా తెరిచింది. తొమ్మిది వేల పేర్లున్నాయి. నవ్వు ఆపుకోకుండానే మొదటి పేరుకు జాబు రాయడం మొదలుపెట్టింది.