పదిలో మూడు వదిలెయ్

"పాపేది?" అని అడిగింది జెనీవా.

కోర్డెల్ చేతిలో రొట్టె పొట్లం ఉంది. శుక్రవారం మధ్యాహ్నం బడి నుంచి పాపను తీసుకురమ్మని పంపితే ఆ మనిషి దుకాణానికి వెళ్లి రొట్టె తెచ్చాడు. అంత ఆజానుబాహుడు గుమ్మంలో నిలబడి, ఏం తప్పు చేశాడో తెలియక భార్య ముఖంలోకి చూశాడు.

"రొట్టె కదా తెమ్మన్నావు..."

జెనీవా అరవలేదు. అతని చేతిలోంచి కారు తాళాలు తీసుకుని వెళ్లి, బడి మెట్ల మీద టీచరు పక్కన కూర్చుని ఉన్న ఆరేళ్ల అమారీని ఇంటికి తెచ్చుకుంది. దారిలో ఏడుపు రావాలి. రాలేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేసిన దవడలా ఉంది ఆమెకు లోపలంతా. గిచ్చుకున్నా తెలిసేలా లేదు.

కోర్డెల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. బంతి పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాణ్ణి ఎదురెళ్లి గుద్ది పడగొట్టడమే అతని పని. లూసియానాలో కాలేజీకి ఆడిన నాలుగేళ్లూ ఎనభై వేలమంది అతని పేరు పెట్టి అరిచారు. పెద్ద జట్టువాళ్లు తమకు కావాలని ఫోన్ చేసిన రోజున అతని తల్లి ఓడెట్ పెట్టిన కేకకు, ఎవరో పోయారనుకుని ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారట! ఆ తరువాత ఎనిమిదేళ్లు ఈ ఉత్తరాది చలి ఊళ్లో గడిచాయి. రెండు ఆదివారాల కిందట తలకు దెబ్బ తగిలింది. లేచాడు, దులుపుకున్నాడు, నేరుగా వెళ్లి అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. జనం నవ్వారు. జెనీవా కూడా ఒక్క క్షణం నవ్వింది. ఆ నవ్వును ఆమె ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇప్పుడు సోమవారం పరీక్ష ఉంది. అది గట్టెక్కితే వచ్చే ఆదివారం ఆడతాడు, లేకపోతే లేదు. అతని చోటులో ఇరవై రెండేళ్లవాడొకడు అప్పుడే నిలబడి బాగా ఆడుతున్నాడు. ముప్పై ఏళ్లవాడి చోటులో కుర్రాడు మూడు వారాలు నిలబడితే, ఇక ఆ చోటు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఆ పరీక్ష సంగతి ఆటగాళ్ల ఇళ్లలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఏటా జూలైలో, ఆటలు మొదలవకముందే, ఒక్కొక్కర్నీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పది మాటలు చూపించి తిరిగి చెప్పమంటారు. దెబ్బ తగిలాక మళ్లీ అదే పరీక్ష పెడతారు. జూలైలో వచ్చినన్ని రాకపోతే పక్కన కూర్చోబెడతారు. అందుకే తెలివైనవాళ్లు జూలైలోనే కావాలని తప్పులు చేస్తారు, దెబ్బ తగిలాక తగ్గినా తేడా కనబడకుండా. పద్దెనిమిదేళ్లప్పుడు ఎవరో సీనియరు ఈ కిటుకు చెబితే కోర్డెల్ ఇంటికొచ్చి తల్లితో అన్నాడు. ఓడెట్ అట్టముక్కల మీద మాటలు రాసి వంటింటి బల్ల దగ్గర కొడుకును కూర్చోబెట్టింది. అతను పదికి పదీ గడగడా చెప్పేవాడు. "మూడు వదిలెయ్ నాన్నా. నాలుగు వదిలితే పట్టేస్తారు" అని నేర్పింది. పెళ్లయ్యాక ఆ అట్టముక్కలు జెనీవా చేతికొచ్చాయి. వదలాల్సిన మాట నోరు జారితే గరిటెతో నెత్తిన మొట్టేది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకునేవాళ్లు. అలా పన్నెండు జూలైలు...

ఆదివారం సాయంత్రం ఓడెట్ ఎర్ర చిక్కుడు గింజలు నానబోస్తోంది. ఊరు మారి కొడుకు దగ్గరికొచ్చినా లూసియానా సోమవారం వంట మారదు ఆమెకు.

"అత్తయ్యా, డాక్టరుకు చెప్పేద్దాం" అంది జెనీవా.

"ఏమని? పన్నెండేళ్లుగా మోసం చేస్తున్నామనా? వాడి నోటికాడ కూడు తీసేస్తావుటే? ఈ ఆట తప్ప వాడికేం వచ్చు?"

"పాపను బడిలో మర్చిపోయాడు అత్తయ్యా."

"నేనూ ఓసారి వాణ్ణి చర్చిలో మర్చిపోయి ఇంటికొచ్చేశాను. నా తలకేం దెబ్బ తగిలింది?"

జెనీవా గిన్నె మీద మూత పెట్టి పడుకుంది.

మర్నాడు ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. పరీక్షకు కోర్డెల్ ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. గంట తరువాత అత్తాకోడళ్లను కూడా రమ్మన్నారు. కోర్డెల్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. డాక్టరు కాగితం తిప్పి చూపించాడు.

"జూలైలో పదికి ఏడు. ఇవాళా పదికి ఏడే. తేడా ఏం లేదు. సంతకం పెట్టేస్తున్నాను, ఆదివారం ఆడొచ్చు."

"ప్రభువా, నీకు స్తోత్రం" అంది ఓడెట్.

కోర్డెల్ నవ్వలేదు. భార్య వైపు వంగాడు. పెద్ద గొంతు అతనిది, గుసగుస కూడా గది మొత్తానికీ వినబడింది.

"జెన్నీ, ఇవాళ నేనేం వదల్లేదే. పదీ చెప్పాలనే చూశాను... ఎంత వెతికినా ఏడే వచ్చాయి."

డాక్టరు కలం ఆగింది. మాట్లాడింది ఓడెట్. ఆ ఒక్క నిమిషంలో పదేళ్లు పైబడినట్టయింది ఆమె ముఖం.

"సంతకం పెట్టకండి బాబూ. జూలైది అబద్ధం. నేనే నేర్పాను, మూడు వదిలెయ్ అని. వీడికి పదికి పదీ వచ్చేవి. గడగడా చెప్పేవాడు నా బిడ్డ..."

"నేనూ నేర్పాను" అంది జెనీవా.

డాక్టరు కలం కింద పెట్టాడు. చాలాసేపు ఏవేవో చెప్పాడు, ఇంకేవో పరీక్షలు రాశాడు. జెనీవా అన్నిటికీ తల ఊపింది. ఆమెకు చెవికెక్కింది ఒక్కటే, ఇక ఆడకూడదని.

"నన్ను క్షమించు నాన్నా. నీ చోటు నేనే తీసేశాను" అంది ఓడెట్ కారు దగ్గర.

కోర్డెల్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "నేనే చెబుదామనుకున్నానమ్మా. ధైర్యం చాల్లేదు. నువ్వు చెప్పావు."

మూడు గంటలకు అతనే గుర్తు చేశాడు, బడి వదిలే వేళయిందని. పొద్దున అరచేతి మీద రాసుకున్నాడట. తాళాలు మాత్రం జెనీవాకు ఇచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. అమారీ పరుగెత్తుకొచ్చి వెనక సీట్లో నాయనమ్మ పక్కన ఎక్కింది.

"ఈ ఆదివారం ఆడతావా నాన్నా?"

"ఇక ఆడనమ్మా."

"మరి ఆదివారం ఏం చేస్తావు?"

కోర్డెల్ ఆలోచించాడు. ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అతన్ని అడగలేదు. జవాబు కోసం భార్య వైపు చూశాడు, ఆమె రోడ్డు వైపు చూసింది.

"నాతో చర్చికొస్తాడు" అంది ఓడెట్ వెనక నుంచి. "ఈసారి వాణ్ణి మర్చిపోయి రానులే."

జెనీవా కారు పక్కకు తీసి ఆపింది. శుక్రవారం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.